కొట్టంలో పిడుదు, పెరట్లో కోడి

కోయంబత్తూరు, మదురై నగరాలలో నేడు వార్డు సంఖ్యలతో గుర్తించే తెలుగువారి పాత నివాసాలలో అనేకం ఒకప్పుడు పశువుల మందలతో నిండిన పల్లెలు. విజయనగర ప్రభువుల కాలంలోను, 16వ శతాబ్దంలో మదురైలో నాయకరాజుల పాలన నెలకొన్న తరువాత కూడా దక్షిణానికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు సేద్యాన్ని, పశుపోషణను, నేతను జీవనాధారాలుగా చేసుకొన్నాయి. కోయంబత్తూరు పరిసరాల నల్లరేగడి నేలల్లో కమ్మనాయుళ్ళు పత్తి పండించారు. మదురై, దిండుగల్లు, తేని ప్రాంతాలలో రాజకంబళం నాయకులు పశువులను సంపదగానే కాక పూజనీయంగా కూడా భావించి పెంచారు. ఇంటి వెనుక కొట్టం, కొట్టం పక్కన పెంటదిబ్బ, దాని చుట్టూ కాళ్ళతో కెలుక్కొంటూ తిరిగే నాటుకోళ్ళు, ఇవన్నీ ఆ ఊళ్ళలో సర్వసాధారణంగా ఉండేవి.

1971లో మదురై, 1981లో కోయంబత్తూరు నగరపాలక సంస్థలయ్యాయి. నగరం పెరిగినకొద్దీ పెరడు కుదించుకుపోయింది. చాలా ఇళ్ళలో ముందుగా పోయినవి కోళ్ళు. ఆవు, మేక, కుక్క మాత్రం కొన్ని ఇళ్ళలో నిలిచాయి. వాటితోపాటు పిడుదు కూడా నిలిచింది. కోళ్ళు తిరిగే ఇంట పిడుదు నిలవదని పల్లె అనుభవం ఉన్న పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాటలో ఎంత నిజమున్నది, ఆ నిజం ఎక్కడ ఆగిపోతుంది, ఆగిన చోట మనుషులు స్వయంగా చేయవలసినదేమిటి అన్నవి ఈ పాఠంలోని విషయాలు.

పిడుదు జీవితం

పిడుదు పురుగుజాతికి చెందినది కాదు. ఎనిమిది కాళ్ళుండే సాలీడు, తేలు కుటుంబానికి చెందిన ప్రాణి. కొన్ని జిల్లాలలో దీనిని గోమారి అని కూడా అంటారు. గుడ్డు నుంచి వెలువడిన పిల్లకు ఆరు కాళ్ళే ఉంటాయి. అది రక్తం తాగి, చర్మం విడిచిన తరువాత ఎనిమిది కాళ్ళు వస్తాయి. మరొకసారి రక్తం తాగి, మరొకసారి చర్మం విడిచి పెద్దదవుతుంది. అంటే గుడ్డు తరువాతి ప్రతి దశలోనూ దానికి రక్తం కావాలి.

ఆవులపైన, ఎద్దులపైన సాధారణంగా కనిపించే పిడుదు రిపిసెఫలస్ మైక్రోప్లస్. ఇది పిల్లగా పశువునెక్కి, సుమారు మూడు వారాలపాటు ఆ ఒక్క పశువు మీదనే పెరుగుతుంది. గంగడోలు, పొదుగు, చెవుల లోపలి భాగం, తోక మొదలు దీనికి ఇష్టమైన చోట్లు. చివరి దినాలలో ఆడ పిడుదు రక్తంతో ఉబ్బి ఆముదపు గింజంత అవుతుంది. ఈ పోలికను గమనించినవారు తెలుగువారు మాత్రమే కాదు. లాటిన్ భాషలో పిడుదుకు ఉన్న పేరు రిసినస్. ఆముదపు మొక్కకు శాస్త్రజ్ఞులు స్థిరపరచిన పేరు కూడా అదే.

ఉబ్బిన ఆడ పిడుదు పశువును వదిలి నేల మీద రాలుతుంది. ఎక్కువగా ఇది తెల్లవారుజాము నుంచి ఉదయపు వేళలలో జరుగుతుంది. రాలినది పేడ కింద, గడ్డి కింద, గోడ నెర్రెలో దాక్కొని, కొద్ది దినాలలో రెండు వేల నుంచి మూడు వేల వరకు గుడ్లు పెట్టి మరణిస్తుంది. వారాల తరువాత వెలువడిన పిల్లలు గడ్డిపోచల కొనలకు ఎక్కి పశువు రాకకోసం వేచి ఉంటాయి.

ఈ పాఠానికంతటికీ మూలమైన లెక్క ఇదే. పశువు మీద కనిపించే పిడుదులు కొన్ని మాత్రమే. కొట్టంలో, నేలలో కనబడకుండా ఉన్నవి వేలు. గుడ్లు పెట్టక ముందే రాలిన ఒక్క ఆడ పిడుదును తొలగించగలిగితే రాబోయే రెండు మూడు వేల పిల్లలను తొలగించినట్లే. పశువుకు మాత్రమే మందు పూసి, నేలను మరచినవారికి పిడుదుల బాధ తీరకపోవటానికి కారణం కూడా ఇదే.

పక్షుల పేర్లలో ఉన్న పరిశీలన

పశువుల వెంట తిరిగే తెల్లకొంగను తమిళంలో ఉణ్ణిక్కొక్కు అంటారు. ఉణ్ణి అంటే పిడుదు, కొక్కు అంటే కొంగ. పొడవైన చీలిన తోకతో, పశువుల వీపుల మీద వాలే నల్లని పిట్టను తెలుగువారు పసులపోలిగాడు అన్నారు. పక్షి ఎక్కడ ఉంటుంది, ఏమి చేస్తుంది అన్నదానిని చూచి ప్రజలు పెట్టుకొన్న పేర్లు ఇవి.

అయితే పేరు చెప్పేదంతా పరిశీలనలో నిలవదు. పశువు మేస్తూ నడుస్తుంటే దాని కాళ్ళ అలికిడికి గడ్డిలోని మిడతలు, ఈగలు పైకి లేస్తాయి. తెల్లకొంగ ఆహారంలో ఎక్కువ భాగం అవే. పిడుదు దొరికితే తింటుంది గాని, దానికోసమే రాదు. పసులపోలిగాడు కూడా పశువు వీపును కూర్చునే స్థానంగా వాడుకొని, గాలిలో ఎగిరే పురుగులను పట్టుకొంటుంది. గోరింక, కాకి మాత్రం పశువు చెవుల దగ్గర, మెడ కింద వెదకి పిడుదులను పీకి తినటం పశుపోషకులకు పరిచితమైన దృశ్యమే. కాకి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పశువు మీద పుండు ఉంటే అది పిడుదుతో ఆగదు, పుండును కూడా పొడుస్తుంది.

ఈ పక్షులు రావటం మేలే. వాటిని తరుమవలసిన పని లేదు. కాని అడవి పక్షి ఎవరి కొట్టానికి ఎప్పుడు వస్తుందో మనిషి చేతిలో లేదు. కోయంబత్తూరు శివార్లలో విరివిగా తిరిగే నెమళ్ళ విషయమూ ఇంతే. నెమలి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పూర్తి రక్షణ పొందిన పక్షి. దానిని పట్టటం, కట్టివేయటం, పెంచటం నేరం. పిడుదుల నివారణలో మనిషి తన ఇష్టప్రకారం ఉపయోగించుకోగలిగిన పక్షి పెంపుడు కోడి ఒక్కటే.

కోడి చేసే పని

కోడి పిడుదులను తింటుందన్నది నమ్మకం మాత్రమే కాదు. పశ్చిమ కెన్యాలో పరిశోధకులు నాటుకోళ్ళను పిడుదులు పట్టిన పశువుల మధ్య అరగంట నుంచి గంటవరకు తిరగనిచ్చి, ఆ తరువాత వాటి మెడ తిత్తిని, కందనకాయను పరీక్షించారు. ఒక్కొక్క కోడిలో 3 నుంచి 331 వరకు పిడుదులు కనిపించాయి. సగటు 81. ఈ ఫలితాలు 1991లో వెలువడ్డాయి. 1997లో దక్షిణాఫ్రికాలోని బోట్షబేలో పట్టణం నుంచి మరొక అధ్యయనం వచ్చింది. అక్కడ పేద కుటుంబాలు ఇరుకైన పట్టణ ఆవరణలలో పశువులను, కోళ్ళను కలిపి పెంచుకొంటాయి. పల్లెలోనే కాక పట్టణ ఆవరణలో కూడా కోడి ఈ పనికి ఉపకరిస్తుందని ఆ అధ్యయనం చూపింది. తమిళనాడు నగరాలలోని పాత తెలుగు నివాసాలకు ఇది దగ్గరి ఉదాహరణ.

పై అంకెలలో ఒక విషయం గమనింపదగినది. ఒక కోడి మూడు తిన్నది, మరొకటి మూడు వందలు తిన్నది. కోడి పిడుదును తినటం దాని ఆకలిపైన, అలవాటుపైన, ఆ సమయంలో దానికి కనిపించినదానిపైన ఆధారపడి ఉంటుంది. కడుపునిండా మేత వేసి, ఎండెక్కిన తరువాత వదిలిన కోడి కొట్టంలో ఏమీ వెదకదు. అందువల్ల కోళ్ళను పెంచటంకంటె వాటిని ఏ వేళకు వదలాలన్నది ముఖ్యమైన విషయం.

ఆడ పిడుదులు రాలేది ఉదయం గనుక, కోళ్ళను గూటి నుంచి వదిలేది కూడా తెల్లవారుతుండగానే కావాలి. మేత వేయక ముందే వాటిని కొట్టంలోకి పోనివ్వాలి. అప్పుడు నేల మీద ఉబ్బిన పిడుదు వాటి కంటికి గింజలా కనిపిస్తుంది. పశువు పడుకొని ఉన్నప్పుడు దాని పొట్ట, తొడల మీద ఉన్నవి కూడా కోడికి అందుతాయి. ఒక గంట గడచిన తరువాత పేడ ఎత్తి, కొట్టం ఊడ్చి, ఆ తరువాత కోళ్ళకు మేత వేయాలి. ముందే ఊడ్చివేస్తే పిడుదులు పేడతోపాటు పెంటదిబ్బకు చేరి అక్కడ గుడ్లు పెడతాయి. ఈ వరుసను మార్చకుండా పాటించటమే ఈ పద్ధతికి ప్రాణం.

ఇందుకు నాటుకోడే తగినది. తమిళనాడులో సిరువిడై అని పిలిచే చిన్న నాటుకోడి చురుకుగా నేల కెలుకుతుంది, తక్కువ చోటులో బ్రతుకుతుంది. పంజరంలో మేతకు అలవాటుపడిన బ్రాయిలర్ కోడికి ఆ నేర్పు ఉండదు.

గినీకోడిని గురించి

పిడుదులను తినే పక్షులలో గినీకోడి పేరు లోకమంతటా వినిపిస్తుంది. ఆఫ్రికాకు చెందిన ఈ పక్షికి బరేలీ సమీపంలోని ఇజ్జత్‌నగర్‌లో ఉన్న కేంద్రీయ పక్షి పరిశోధన సంస్థ కాదంబరి, చితాంబరి, శ్వేతాంబరి అనే రకాలను రూపొందించింది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగి 1992లో వెలువడిన ఒక అధ్యయనం, గినీకోళ్ళు తిరిగిన పచ్చిక బయళ్ళలో పెద్ద పిడుదులు తగ్గాయని తెలిపింది. తరువాతి పరిశోధనలో మాత్రం పిల్ల పిడుదుల సంఖ్యలో అటువంటి తగ్గుదల కనిపించలేదు. పిల్ల పిడుదు నువ్వుగింజకంటె చిన్నది. దానిని ఏరటం ఏ పక్షి కంటికైనా కష్టమే.

నగరవాసులకు మరొక చిక్కు ఉన్నది. గినీకోడి కొత్త మనిషి కనిపిస్తే చాలు, గట్టిగా అరుస్తుంది. తోటలో అది కావలికి పనికివస్తుంది గాని, గోడకు గోడ ఆనుకొని ఉన్న వీధిలో ఇరుగుపొరుగుతో తగవుకు దారి తీస్తుంది.

కోడి చేయలేని పనులు

మొదటిది, కుక్క పిడుదు. ఇళ్ళలో కనిపించే గోధుమరంగు పిడుదు రిపిసెఫలస్ సాంగ్వినియస్. ఇది ప్రతి దశలోనూ కుక్కను వదిలి, గోడ ఎక్కి, తలుపు చట్రం సందులలో, పటాల వెనుక, పైకప్పు అంచులలో దాక్కొంటుంది. ఆహారం లేకుండా నెలల తరబడి జీవించగలదు. అక్కడికి కోడి వెళ్ళదు. రాజపాళయం, కోంబై, చిప్పిపారై వంటి స్థానిక జాతుల కుక్కలను గర్వంగా పెంచుకొనే ఇళ్ళలోనూ ఈ పిడుదు విషయంలో ఉపేక్ష కనిపిస్తుంది. ఇది కుక్కకు ఎర్లీకియోసిస్ వంటి ప్రాణాంతక జ్వరాలను తెస్తుంది, మనిషిని కూడా కుడుతుంది. గోడ నెర్రెలను సిమెంటుతో గాని సున్నంతో గాని పూడ్చటం, కుక్క పడుకొనే గుడ్డను వారానికొకసారి మరిగే నీటిలో ఉతకటం, పశువైద్యుని సలహాపై కుక్కకు మందు వేయించటం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

రెండవది, కోడికే పట్టే పిడుదు. ఆర్గస్ పెర్సికస్ అనే మెత్తని చర్మంగల పిడుదు పగలు గూటి చెక్కల సందులలో దాగి, రాత్రి నిద్రపోతున్న కోళ్ళ రక్తం తాగి మళ్ళీ దాక్కొంటుంది. కోళ్ళలో స్పైరోకీటోసిస్ అనే వ్యాధిని వ్యాపింపజేస్తుంది. పగటిపూట కోడిని ఎంత పరీక్షించినా పెద్ద పిడుదు కనిపించదు గనుక, కోళ్ళు నీరసించి, తురాయి పాలిపోతున్నప్పుడు గూటిని పరీక్షించాలి. పిడుదులను తొలగించటానికి తెచ్చిన కోడి కొత్త పిడుదులకు ఇల్లు కాకూడదు. గూడు నేలకు ఎత్తుగా, సందులు లేకుండా, ఎండ తగిలే చోట ఉండాలి.

మూడవది, విషం. పశువుకు రసాయన మందు పూసిన తరువాత రాలే పిడుదులలో ఆ మందు ఉంటుంది. ఆ దినాలలో కోళ్ళను కొట్టంలోకి వదలరాదు. ఎన్ని దినాలన్నది మందు రకాన్ని బట్టి పశువైద్యుడే చెప్పాలి. ఒకే మందును పదే పదే, కొలత లేకుండా వాడటం వల్ల పిడుదులు దానికి లొంగకుండా పోతున్నాయి. భారతదేశంలో డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందుల విషయంలో ఇది ఇప్పటికే నమోదైనది. కోడి సాయం ఉన్న ఇంట రసాయనం అవసరం తగ్గుతుంది. ఆ మేరకు అవసరమైననాడు మందు పనిచేసే శక్తి కూడా నిలుస్తుంది.

పశువు సొంత రక్షణ

పిడుదుల నివారణలో పాలుపంచుకొనే మరొక జంతువు ఆ పశువే. మూపురం గల దేశవాళి జాతుల చర్మం పిడుదును త్వరగా గుర్తిస్తుంది. ఆ పశువు నాకుతుంది, గోకుతుంది, చర్మాన్ని జలదరింపజేస్తుంది, తోకతో విసురుతుంది. దాని శరీరం కూడా పిడుదు రక్తం తాగకుండా ఎదురు తిరుగుతుంది. కొంగునాటి కాంగేయం, మదురై శివగంగ ప్రాంతాల పులికులం ఇటువంటి జాతులు. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు పాలు ఎక్కువ ఇచ్చినా వాటి మీద పిడుదులు ఎక్కువగా నిలుస్తాయి. పిడుదుల ద్వారా వచ్చే థైలేరియాసిస్, ఎర్రమూత్రం వచ్చే బబీసియోసిస్ వాటిని తీవ్రంగా బాధిస్తాయి.

అందువల్ల సంకర ఆవు ఉన్న ఇంట దినదినం చేతితో తడిమి చూడటం తప్పనిసరి. మెడకు బిగుతుగా తాడు కట్టి, తల తిప్పి నాకుకొనే వీలు లేకుండా చేయటం పశువు సొంత రక్షణను తీసివేయటమే.

జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రచారం చేస్తున్న సంప్రదాయ మందు ఒకటి ఇక్కడ చెప్పదగినది. వెల్లుల్లి పది రెబ్బలు, వేపాకు ఒక పిడికెడు, వేపగింజలు ఒక పిడికెడు, వస కొమ్ము 10 గ్రాములు, పసుపు 20 గ్రాములు, లాంటానా ఆకు ఒక పిడికెడు, తులసి ఆకు ఒక పిడికెడు కలిపి నూరి, ఒక లీటరు నీటిలో వడగట్టి, గుడ్డతో పశువు ఒంటికి పూయాలి. కొట్టం నెర్రెలలో కూడా చల్లాలి. పిడుదులు పోయేవరకు వారానికొకసారి, ఎండవేళ చేయాలి. లాంటానాకు తమిళంలో ఉన్న పేరు ఉణ్ణిచ్చెడి. ఆ ఆకు పశువు తింటే విషం గనుక పూతకు మాత్రమే వాడి, మిగిలిన పిప్పిని పశువుకు అందకుండా పారవేయాలి.

ఉణ్ణి అనే మాట, జ్వరం అనే ప్రమాదం

ఇటీవల ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలకు ఒక చిక్కు ఎదురవుతుంది. పిడుదు, గోమారి అన్న మాటలు ఇక్కడి పశువైద్యశాలలో, మందుల దుకాణంలో తెలియవు. మాట్టు ఉణ్ణి అంటే పశువుల పిడుదు, నాయ్ ఉణ్ణి అంటే కుక్క పిడుదు. ఈ రెండు మాటలు గుర్తుంచుకొంటే పని జరుగుతుంది.

మూడవ మాట మరింత ముఖ్యమైనది. తమిళ పత్రికలు, ప్రజలు ఉణ్ణిక్కాయ్‌చ్చల్ అని పిలిచే జ్వరం ఉన్నది. పేరును బట్టి ఇది పశువుల పిడుదు వల్ల వస్తుందని, పశువులు లేని ఇంటికి భయం లేదని చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. ఆ పేరుతో సాధారణంగా పిలిచే స్క్రబ్ టైఫస్ జ్వరం పిడుదు వల్ల రాదు. కంటికి దాదాపు కనిపించని ఒక రకం నల్లి పిల్ల కుట్టటం వల్ల వస్తుంది. ఆ నల్లి ఎలుకలు తిరిగే పొదలలో, ఎత్తుగా పెరిగిన గడ్డిలో, ఖాళీ స్థలాలలో ఉంటుంది. వానల తరువాత, చలి నెలలలో ఈ జ్వరం తమిళనాడులో ఎక్కువగా కనిపిస్తుంది.

కోళ్ళు ఉన్నాయి గనుక ఈ జ్వరం రాదని భావించరాదు. ఇక్కడ పనికివచ్చేది గడ్డి కోయటం, చెత్త తొలగించటం, ఎలుకలకు తావివ్వకపోవటం. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులతోపాటు చంకలో, గజ్జలలో, నడుము దగ్గర, రొమ్ముల కింద చుట్టతో కాల్చినట్లు నల్లని పొక్కు కనిపిస్తే వెంటనే వైద్యునికి చూపించాలి. నొప్పి ఉండదు గనుక ఆ పొక్కును రోగి తానుగా గమనించకపోవచ్చు. ఇంటివారు వెదకి చూడాలి. పొక్కు లేనంత మాత్రాన ఈ జ్వరం కాదని తేల్చుకోరాదు. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ వంటి సాధారణ మందుతో నయమవుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణానికే ముప్పు వస్తుంది. మందు, మోతాదు వైద్యుడే నిర్ణయించాలి.

నిజంగా పిడుదు వల్ల వచ్చే జ్వరాలూ ఉన్నాయి. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో గుర్తించిన కోతి జ్వరం అడవి పిడుదు ద్వారా వ్యాపిస్తుంది. తరువాతి కాలంలో నీలగిరి, వయనాడు ప్రాంతాలలో కూడా దాని జాడలు బయటపడ్డాయి. కోయంబత్తూరు నుంచి ఆ అడవి అంచులకు పశువులను తోలుకుపోయేవారు, కట్టెలకు వెళ్ళేవారు ఈ విషయం తెలిసి ఉండాలి. చచ్చిన కోతి కనిపిస్తే తాకకుండా అటవీ సిబ్బందికి తెలపాలి. 2011లో గుజరాత్‌లో తొలిసారి నిర్ధారణ అయిన క్రిమియన్ కాంగో రక్తస్రావ జ్వరం మరొక రకం పశువుల పిడుదు ద్వారాను, జబ్బు సోకిన పశువు రక్తం ద్వారాను వస్తుంది.

పిడుదును తీసే పద్ధతి

పల్లెలో పెద్దలు పిడుదును పీకి గోళ్ళతో నలిపేవారు, లేదా నిప్పులో వేసేవారు. గోళ్ళతో నలపటం ఇక మానవలసిన అలవాటు. పిడుదు ఒంట్లోని రక్తం చేతి పగుళ్ళలోనికి చేరే ప్రమాదమున్నది.

మనిషిని పట్టిన పిడుదు మీద కిరోసిన్ పోయటం, వెలిగించిన అగ్గిపుల్ల ఆనించటం తగదు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనుకొని ఉన్న దాని నోటి భాగాన్ని పట్టుకొని, మెలితిప్పకుండా, నిదానంగా నేరుగా పైకి లాగాలి. ఆ చోటును సబ్బుతో కడగాలి. తీసిన పిడుదును సబ్బునీటిలో గాని స్పిరిటులో గాని వేసి చంపాలి. తరువాతి రెండు మూడు వారాలలో జ్వరం వస్తే, పిడుదు కుట్టిన సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. పశువు నుంచి తీసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి.

ఇంటి క్రమం

ప్రతి ఉదయం: తెల్లవారగానే మేత వేయకుండా కోళ్ళను కొట్టంలోకి వదలటం, గంట తరువాత పేడ ఎత్తి, నేల ఊడ్చి, కోళ్ళకు మేత వేయటం, పాలు పితికే ముందు పొదుగు, తోక మొదలు, చెవులు తడిమి చూడటం.

ప్రతి వారం: పేడను పెంటదిబ్బపై కప్పి ఉంచి అది వేడెక్కేటట్లు చూడటం, కుక్క పడక ఉతకటం, కోళ్ళ గూటి సందులను దీపంతో పరీక్షించటం, అవసరమైతే పశువుకు వేప పూత వేయటం.

వానలకు ముందు, తరువాత: కొట్టం గోడల నెర్రెలు పూడ్చి సున్నం కొట్టటం, ప్రహరీ వెంట గడ్డి కోయటం, పక్కనున్న ఖాళీ స్థలంలో పొదలు పెరిగితే వార్డు కార్యాలయానికి తెలపటం.

నగర పరిధిలో పశువులను, కోళ్ళను పెంచదలచినవారు ముందుగా మండల కార్యాలయంలో అనుమతి నియమాలు తెలుసుకోవాలి. పశువులను వీధిలోకి వదలరాదు. పశువుకు జబ్బు చేస్తే 1962 నంబరుకు, ఆరోగ్య సలహాకు 104కు, అత్యవసరమైతే 108కి ఫోను చేయవచ్చు.

పునశ్చరణ

ఇంటివారు కలిసి ఈ ప్రశ్నలను చర్చించుకోవచ్చు.

1. పశువుకు మందు పూసినా కొన్ని వారాలలో పిడుదులు మళ్ళీ ఎక్కడినుంచి వస్తాయి?

2. కోళ్ళను మధ్యాహ్నం కాక తెల్లవారగానే, మేత వేయక ముందే కొట్టంలోకి వదలాలనటానికి కారణమేమి?

3. కుక్క పిడుదు విషయంలో కోడి ఎందుకు ఉపకరించదు?

4. పశువు గాని కుక్క గాని లేని ఇంటివారికి కూడా ఉణ్ణిక్కాయ్‌చ్చల్ ఎలా రావచ్చు? ఒంటి మీద ఏ గుర్తుకోసం వెదకాలి?

5. మన ఇంట, మన వీధిలో పిడుదులు దాగగల మూడు చోట్లు ఏవి? వాటిలో కోడికి అందేవి ఎన్ని, మన చేతులు మాత్రమే చేరగలిగినవి ఎన్ని?

చివరి ప్రశ్నకు జవాబు ఇంటింటికీ మారుతుంది. పెరటిలో ఒకసారి తిరిగి చూచిన తరువాతనే దానికి జవాబు చెప్పటం మంచిది.